పాత బెల్లం, సగం నవల

ఫాల్గుణ మాసం రెండో ఆదివారం, పొద్దున్న పదకొండూ పది నిమిషాలకి, నర్సీపట్నం లైబ్రరీ మేడ మీద హాల్లో, ముందు వరసలో నా పక్క కుర్చీలో కూర్చుని మా తమ్ముడు పగలబడి నవ్వాడు. టైము ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఎదురుగా గోడకి గడియారం ఉంది. వాడి మొహం చూడలేక నేను దాన్ని చూశాను. ఆ నవ్వుని మరిచిపోదామనే అనుకున్నాను. కానీ నిన్న పొద్దున్న మా వీధి చివర ఇంటావిడ గిన్నె పట్టుకొచ్చింది. కూతురు పురుడు పోసుకుందట, బాలింతకి పెట్టే కాయంలోకి కాస్త పాత బెల్లం కావాలట. మా తమ్ముడు మంచం మీంచి లేవకుండానే, "పెట్టికి తాళం లేదమ్మా, నీకు కావలిసింది తీసుకో" అన్నాడు. ఆవిడ ట్రంకుపెట్టె మూత ఎత్తి, ఎత్తినంత వేగంగానూ చెయ్యి విదిలించుకుంటూ వెనక్కి గెంతింది. పెట్టె నిండా ఎర్రచీమలు. కుండ మూతికి కట్టిన గుడ్డని కొరికేసి, తాటాకు చుట్టలోకి దూరి, నల్లటి బెల్లం ముద్ద మీద ఎర్రగా, దళసరిగా, బతికున్న దుప్పటిలా కదులుతున్నాయి. ఆవిడ ఖాళీ గిన్నెతో తిరిగి వెళ్ళింది. బాలింత కోసం వచ్చిన మనిషి మా గడపలోంచి ఖాళీ గిన్నెతో వెళ్ళడం నా బతుకులో నేను ఎరగను. దీనంతటికీ కారణం ఒక రష్యా నవల అంటే ఎవరూ నమ్మరు. అందుకే మొదటినుంచీ చెబుతాను.

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ నవలని మా ఇంట్లోకి తెచ్చిందాన్ని నేనే. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. అప్పటిదాకా జీడిపిక్కల షెడ్డులో పిక్కలు కొట్టడమే నా పని. పిక్క తొక్కలో ఉండే నూనె వేళ్ళని నల్లగా కాల్చేస్తుంది. ఎంత రుద్దినా పోదు, నా వేళ్ళకి ఇప్పటికీ ఆ మచ్చలున్నాయి. సాయంత్రం పెద్దవాళ్ళకి చదువు చెబుతామని ఒక పంతులమ్మ వస్తే, పని ఎగ్గొట్టి కూర్చోవచ్చు కదా అని వెళ్ళాను. కూర్చున్నాక లేవబుద్ధి కాలేదు. బస్సు బోర్డులు చదివాను, మందుసీసాలు చదివాను, పకోడీల పొట్లాలు విప్పి చదివాను, తర్వాత లైబ్రరీకి దారి తెలిసింది. మొదట్లో లైబ్రేరియన్ గారు నా వేళ్ళు చూసి, "అమ్మా, చెయ్యి కడుక్కొచ్చి పట్టుకోండి" అనేవారు. కడుక్కునే వచ్చానండీ బాబూ అని ఎన్నిసార్లు చెప్పానో. చిన్నప్పుడు నేర్చుకున్నవాళ్ళలాగా లోపల్లోపల చదువుకోవడం నాకు రాదు. పైకి చదివితేనే, నా మాట నా చెవిన పడితేనే, అక్కడ రాసి ఉందని నమ్మకం కుదురుతుంది. అందువల్ల నేను చదివిన ప్రతి పుస్తకాన్నీ నా చుట్టుపక్కల ఉన్న పాపానికి ఎవరో ఒకరు వినాల్సి వచ్చింది. ఎక్కువగా విన్నవాడు, మా వైపు అక్కని పిలిచినట్టు నన్ను అప్పా అని పిలిచే మా తమ్ముడు.

మా తమ్ముడు బెల్లం వండుతాడు. కోటవురట్ల దారిలో పొలం గట్టున చెరకు రసం కాచే వాడి పెనం ఉంది. మా మరదలు పోయాక వాడింటికి వంట చెయ్యడానికి వచ్చి అక్కడే ఉండిపోయాను. చెరకు కాలంలో నేను కూడా పెనం దగ్గరికి వెళ్ళి కూర్చుంటాను. అక్కడ వెచ్చగా ఉంటుంది, పొగ ఉన్నా వాసన బాగుంటుంది, చదివితే వినే మనుషులుంటారు. రసం కాగి తెర్లుతుంటే పైకి తేలిన మడ్డి తీసే ముసలాయన ఒకడు, పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసే ఆవిడ ఒకతె, పాకం చూసి "దింపండి" అనడానికి మా తమ్ముడు. ఆ పెనాల దగ్గర ఒక పద్ధతి ఉంది, ఈ కథకి అదే ముఖ్యం. దారిన పోయేవాడు ఎవడైనా సరే, తెలిసినవాడైనా కాకపోయినా, పాకం దిగే వేళకి అక్కడ నిలబడితే చెరకు ముక్కకి ఇంత వేడి బెల్లం చుట్టి చేతికివ్వాలి. వద్దు, లేదు అనే మాట పెనం దగ్గర పలకకూడదు. ఎవరు పెట్టారో ఈ పద్ధతి నాకు తెలియదు గానీ, అది తప్పినవాణ్ణి నేను చూడలేదు. ఎన్నికలప్పుడు ఊరేగింపుగా వచ్చిన వాళ్ళక్కూడా, తిట్టుకుంటూనే అయినా, అందరికీ ఇచ్చాడు మా తమ్ముడు.

మొన్నటి చెరకు కాలంలో నేను తీసుకెళ్ళింది ఎర్రట్ట వేసిన ఒక రష్యా నవల. రెండు భాగాలు, ఒక్కొక్కటీ ఇటుకంత. ఆ పేర్లు నా నోటికి తిరగలేదు. ఒక్కొక్కడికీ మూడేసి పేర్లు, ఒక్కొక్క పేరూ పెనం చుట్టుకొలతంత. నాలుగు పేజీలు కుస్తీ పట్టి, పేర్లు తీసి అవతల పారేశాను. తండ్రికి పెద్దకామందు, కొడుక్కి చిన్నకామందు అని మేమే పేరు పెట్టుకున్నాం. పెద్దకామందుకి పొలాలున్నాయి, మేడ ఉంది, ఒంటినిండా పిసినారితనం ఉంది. పంచదార డబ్బాకి తాళం వేసి చెవి మెడలో వేసుకుంటాడు. చిన్నకామందు పట్నంలో చదువుకుని స్నేహితుల్ని వెంటేసుకుని ఇంటికొస్తాడు. ఎవరు టీలో ఎన్ని పంచదార బిళ్ళలు వేసుకుంటున్నారో తండ్రి పెదాలు కదుపుతూ లెక్క పెడుతుంటాడు. అది చూసి కొడుకు అందరి ముందూ తండ్రిని వెక్కిరిస్తాడు, తండ్రి నడకని అనుకరిస్తాడు, స్నేహితులు పొట్ట పట్టుకుని నవ్వుతారు. మొదటి భాగమంతా ఇదే వరస. రాసినాయన కలం కూడా కొడుకు పక్కనే నిలబడి, నవ్వండి, నవ్వండి అని మనల్ని పొడుస్తున్నట్టే ఉంటుంది. నాక్కూడా నవ్వొచ్చింది, అబద్ధమెందుకు. పెనం దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు.

"ఇంటికొచ్చినోడు తీపి ఏసుకుంటే లెక్కెట్టేడా? థూ!" అంది పిప్పి ఎగదోసే ఆవిడ, ఉత్తమాటకి కాదు, నిజంగానే పక్కకి తిరిగి ఉమ్మేసింది. "ఆడేటి కామందు? ఆడి మొకానికి పేడ కొట్టా."

"ఒలే, రాసినాయన ఎగతాళికి రాసేడే. నవ్వాల," అన్నాను.

"నవ్వడానికేటుంది అందులో? మడిసి పుటక పుట్టి తీపికి తాళం ఏసినోడు నవ్వులాటగా ఉన్నాడేటి నీకు?" అని నామీదికే వచ్చింది.

మడ్డి తీసే ముసలాయన కూడా ఆవిడ పక్షమే. వాళ్ళకి పెద్దకామందు హాస్యగాడు కాదు, హంతకుడితో సమానం. పోలీసులు ఎప్పుడొస్తారని అడిగాడు ఆ ముసలాయన. రాసినాయన ఎంత కష్టపడి వేళాకోళం ఆడాడో పాపం, మా పెనం దగ్గర అదంతా నేరాల చిట్టాలా మారిపోయింది. మా తమ్ముడు పాకంలోంచి చూపు తిప్పకుండా, "ఆడు మడిసి కాడు, సరే. ఆ కొడుకు మాత్తరం? తండ్రిని అంతమందిలో అలగ ఎక్కిరించొచ్చా? సాటుకి తీసుకెల్లి రెండు తిట్టాల గానీ," అన్నాడు. ఈ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు.

రెండో భాగానికి వచ్చేసరికి చెరకు కాలం సగం అయింది. అందులో పెద్దకామందు చచ్చిపోతాడు. తాళంచెవి చిన్నకామందు చేతికొస్తుంది. మొదట దాన్ని చూసి నవ్వుకుంటాడు, బల్ల మీద పారేస్తాడు. కొన్ని పేజీలు పోయాక జేబులో పెట్టుకుంటాడు. ఇంకొన్ని పేజీలు పోయాక అది అతని మెడలో ఉంటుంది. ఎప్పుడు వేసుకున్నాడో రాసినాయన చెప్పడు. ఒక సాయంత్రం చుట్టాలు టీ తాగుతుంటే చిన్నకామందు పెదాలు కదులుతున్నాయి, అని ఒక్క ముక్క రాసి వదిలేస్తాడు. నేను అక్కడ ఆగిపోయాను. ఈసారి ఎవరూ ఉమ్మలేదు. "ఆ ముక్క మల్లీ సదువప్పా," అన్నాడు మా తమ్ముడు. మళ్ళీ చదివాను. వెక్కిరించి రాయడం అంటే ఏమిటో నాకు ఆ వేళ తెలిసింది. చంటిపిల్లని ఆడించి, నవ్వించి, నోరు తెరవగానే ఉగ్గుగిన్నెతో మందు పోసేస్తాం చూడండి, అదీ ఆయన చేసిన పని. మొదటి భాగం నవ్వించడానికి, రెండో భాగం మందు. మందు పొయ్యకుండా ఉత్తినే నవ్వించి వదిలేసేవాడు ఆ పని తెలిసినవాడు కాదని నా ఉద్దేశం.

ఇప్పుడు మా మేనల్లుడు. మా తమ్ముడి ఒక్కగానొక్క కొడుకు. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరు. పెళ్ళాంతో, కొడుకుతో టౌన్లోనే అద్దెకుంటాడు. ప్రతి యేడూ వేసవి వచ్చేసరికి, వచ్చే యేడు ఉంచుతారో పంపించేస్తారో తెలియక వాడి మొహం చెరకు పిప్పిలా అయిపోతుంది. లైబ్రరీలో నెలనెలా పుస్తకాల మీద మీటింగులు పెడతారు. ఈసారి ఆ రష్యా నవల మీద మాట్లాడే అవకాశం వీడికి వచ్చింది. వాడు ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఆ పుస్తకం మేమూ చదివాం, నాన్ననీ తీసుకొస్తానురా అన్నాను.

"తీసుకురా అత్తా. కానీ నువ్వు మాత్రం అక్కడ నోరు విప్పకు. నీకు దండం పెడతాను," అన్నాడు. "మా కరస్పాండెంటు గారు వస్తున్నారు. వచ్చే యేడు నన్ను ఉంచుతారా లేదా అనేది ఆ రోజుతో తేలిపోద్ది. ఆయనకి నవ్వించేవాళ్ళంటే ఇష్టం."

నేను సరేనన్నాను. మా తమ్ముడు ఆ ఆదివారం పెనం వెలిగించలేదు. కొడుకు పెళ్ళికి కొన్న చొక్కా తీయించుకుని, గడ్డం గీయించుకుని, తెల్లారకముందే తయారై కూర్చున్నాడు.

మీటింగుల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మెట్ల దగ్గరే ఫ్లెక్సీ. 'రష్యన్ నవలలో వ్యంగ్యం, తండ్రీకొడుకుల సంఘర్షణ' అని రాసి, పక్కన కరస్పాండెంటు గారి ఫొటో బిందెంత, మా వాడి ఫొటో గ్లాసంత. నవల రాసినాయన ఫొటోకి చోటు లేకపోయింది. తొమ్మిదిన్నరకన్నారు, పదీ పావుకి దీపం వెలిగించారు. ఒత్తి అంటుకోలేదు, ఫొటో కోసం అంటుకున్నట్టు నటించారు. అధ్యక్షులు రిటైర్డ్ హెడ్మాస్టరు గారు సమయం లేదంటూనే తన చిన్ననాటి సంగతులు చెప్పారు. ఒకరి తర్వాత ఒకరికి శాలువాలు కప్పారు. ఆ శాలువాలకి ఒక ప్లాస్టిక్ కంపు ఉంటుంది, ముందు వరసలోకి గుప్పుమని కొట్టింది. కప్పించుకున్నవాడు చేతులు జోడిస్తూ కెమెరా వైపు తిరుగుతాడు, కప్పినవాడూ కెమెరా వైపే తిరుగుతాడు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఆ నవల్లో బిరుదులకి పాకులాడే ఒక ముసలి ఆఫీసరున్నాడు. అతన్ని రాసినాయన అయిదు పేజీలు ఏకి పెట్టాడు. ఆ పేజీలు చదివినవాడు ఒక్కడున్నా ఆ వేదిక మీద శాలువా ముట్టుకోడు. నాకు అప్పటికే చిరాకు మొదలైంది.

మా వాడు లేచాడు. బాగా మాట్లాడతాడు, గొంతు మంచిది. పెద్దకామందు నడకని నడిచి చూపించాడు. పంచదార బిళ్ళలు లెక్కెట్టడం పెదాలతో చేసి చూపించాడు. కాలేజీ పిల్లలు ఈలలు వేశారు. కరస్పాండెంటు గారు కుర్చీలో ఊగి ఊగి నవ్వారు. ఆ నవ్వు చూశాక వీడికి ఊపొచ్చింది. నోట్సు బల్ల మీద పెట్టేశాడు.

"ఇదంతా ఎక్కడో రష్యాలో అనుకోకండి," అన్నాడు. "మన చుట్టుపక్కలే నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన ట్రంకుపెట్టెలో బెల్లం పెట్టి తాళం వేస్తాడు. చెవి ఎక్కడుంటుందో చెప్పండి? మొలతాడుకి! స్నానానికి వెళ్ళినా విప్పడు. నిద్రలో కూడా తడిమి చూసుకుంటాడు. సొంత మనవడు, తాతా, కాస్త బెల్లం పెట్టవా అంటే, అది నీకోసం కాదురా అంటాడు. మరి ఎవరికోసం? పైకి పోయేటప్పుడు పట్టుకుపోతాడేమో! యమధర్మరాజు గారికి కూడా తూకం వేసే ఇస్తాడు!"

హాలు దద్దరిల్లింది.

ఆ పెట్టె సంగతి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే అక్కడ వాడు చెప్పలేదు. ప్రతి చెరకు కాలంలోనూ మంచి పాకం చూసి ఒక దిమ్మని మా తమ్ముడు విడిగా తీసి, తాటాకు చుట్టి, కుండలో పెట్టి, మూతికి గుడ్డకట్టి ఆ పెట్టెలో దాస్తాడు. ఏళ్ళు గడిస్తే అది నల్లబడి, మెత్తబడి, మందైపోతుంది. బాలింతలకి పెట్టే కాయంలోకి శొంఠీ పిప్పళ్ళతో కలపడానికి ఆ బెల్లమే కావాలి, కొత్తది పనికిరాదు. చుట్టుపక్కల ఏ ఇంట్లో పురుడైనా గిన్నె మా ఇంటికే వస్తుంది. పైసా పుచ్చుకోడు. మనవడికి పెట్టననడం నిజమే, తను కూడా నోట్లో వేసుకోడు. వాడికి కొత్త బెల్లం దిమ్మలకి దిమ్మలే పెడతాడు. ఆ పెట్టె పాతది. తాళం బిగిస్తేనే మూత ఆనుతుంది, లేకపోతే వేలు దూరేంత సందు. ఇదంతా మా మేనల్లుడికి తెలియదా? వాడి పెళ్ళాం పురిటికి కాయం కలిపింది నేను, ఆ బెల్లంతోనే. ఆ అమ్మాయి ఆ వేళ ఆడవాళ్ళ వరసలో కూర్చుని ఉంది. చూశాను. తల వంచుకుంది. వాడు మాత్రం, ఎవరికోసం అని హాలుని అడిగి, జవాబుని మింగేసి, అక్కడ నవ్వుని పెట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తీపికి తాళం వేసినవాడు మనిషే కాదని పెనం దగ్గర తీర్పిచ్చిన మనిషి నా పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు అంతమందిలో ఆ వెధవ తనే అని సొంత కొడుకు చెబుతున్నాడు. నేను కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచాను. ఒక్క మాట చాలు, ఆ పెద్దాయన ఇదిగో వీడేనండీ, ఆ బెల్లం ఎవరికో నేను చెబుతాను అని. అప్పుడే మా తమ్ముడి చెయ్యి నా మణికట్టుని పట్టుకుంది. పెనం దింపేవాడి చెయ్యి అది, విడిపించుకోవడం నా వల్ల కాదు. పట్టుకుని, నా వైపు తిరక్కుండా, తల వెనక్కి వేసి, పగలబడి నవ్వాడు. పదకొండూ పది. హాల్లో అందరి నవ్వూ ఆగాక కూడా ఆ నవ్వు ఆగలేదు.

అది చూసి ముచ్చటపడ్డారు పెద్దలు. ఈయన ఎవరు, ఇంత బాగా ఆస్వాదిస్తున్నారు అని అధ్యక్షుల వారు అడిగితే, లైబ్రేరియన్ గారు, వక్త గారి తండ్రి గారేనండీ అని చెప్పారు. ఇంకేముంది, చప్పట్లు. మా తమ్ముణ్ణి వేదిక ఎక్కించారు, మిగిలిన శాలువా ఒకటి తెచ్చి కప్పారు. ఇలాంటి కొడుకుని కన్నందుకట. కెమెరా వైపు తిప్పారు. మైకు చేతికిచ్చి, మీ అబ్బాయి ప్రసంగం గురించి రెండు ముక్కలు చెప్పండి అన్నారు. మా మేనల్లుడి మొహంలో అప్పుడు రంగు పోయింది. నీళ్ళ సీసా మూత తిప్పుతూనే ఉన్నాడు, తాగడం లేదు. ఒక్క మాటతో తండ్రి తనని అక్కడే పడెయ్యగలడని వాడికి తెలుసు.

మా తమ్ముడు మైకుని మొక్కజొన్న పొత్తులా నోటికి అడ్డంగా పట్టుకున్నాడు. "నమస్కారమండి. బాగా సెప్పేడండి మావోడు," అన్నాడు. శాలువా భుజం మీద సర్దుకున్నాడు. "అలాటి పెద్దోళ్ళు ఉంటారండి. మా ఈదిలో కూడా ఒకడున్నాడు. ఆణ్ణి సూస్తే నాకూ నవ్వే వస్తాది."

మళ్ళీ చప్పట్లు. కరస్పాండెంటు గారు మా వాడి భుజం తట్టి, "వచ్చే యేడు మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదండీ" అనడం ముందు వరసలో నాకు వినిపించింది. రెండో భాగం సంగతి ఎవరూ ఎత్తలేదు. వందన సమర్పణ అయిపోయింది, మిక్చరు పొట్లాలు పంచారు.

మెట్ల కింద టీ కొట్టు దగ్గర మా మేనల్లుణ్ణి నేను పట్టుకున్నాను. మా తమ్ముడు కాస్త దూరంగా, శాలువా మీద పొడి పడకుండా మిక్చరు తింటున్నాడు.

"ఎలా ఉందత్తా?" అన్నాడు వాడు.

"రెండో భాగం సదివేవా?"

"చదివాను. ఎప్పుడో చదివాను, రెండుసార్లు."

చదవలేదంటాడనుకున్నాను. అలా అన్నా బాగుండేది. "మరి సెప్పలేదేటి?"

"అరగంటే ఇచ్చారత్తా. నవ్వంతా మొదటి భాగంలోనే ఉంది. రెండోది ఎత్తితే ఒక్కడు కుర్చీలో ఉండడు."

"సరే. ఆ పెట్టిలో బెల్లం ఎవరికిరా? నీ పెళ్ళాం పురిటికి తిన్నాదేటి?"

"పేరు చెప్పలేదు కదత్తా," అని చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఉదాహరణ అది. నాన్నే నవ్వాడు, చూశావుగా. ఆయనకి లేని బాధ నీకెందుకు?"

నేను పక్కకి తిరిగి ఉమ్మేశాను, పెనం దగ్గర ఆవిడ ఉమ్మినట్టే. టీ కొట్టు ఆవిడ, "అయ్యో, టీ బాగోలేదేటి అప్పగారూ?" అని కంగారుపడింది. టీ బాగానే ఉంది.

షేర్ ఆటోలో మా తమ్ముడు శాలువా తియ్యలేదు. పక్కన కూర్చున్నాయన, "సన్మానమేటి బాబూ?" అని అడిగితే, "అవును, మావోడి మీటింగు," అని చెప్పాడు. అతను దిగేదాకా ఆగాను. దిగాక, "ఎందుకు నవ్వేవురా? నీకు సిగ్గులేదా?" అని అడిగేశాను. నాకు కొడుకు మీద కంటే వీడి మీదే ఎక్కువ అసహ్యంగా ఉంది అప్పుడు.

"నాను నవ్వకపోతే అందరూ నా మొకమే సూద్దురప్పా," అన్నాడు, రోడ్డు చూస్తూ. "నవ్వేననుకో, ఆడెవడో పెద్దాయన. నవ్వలేదనుకో, ఆ పెద్దాయన్ని నానే అని హాలంతటికీ తెలిసిపోద్ది. అప్పుడు సిగ్గు నాక్కాదు, ఆడికి. తండ్రిని పదిమందిలో ఏలాకోలం ఆడినోడంటారు. ఆ కరస్పాండెంటు ఉంచుతాడేటి ఆణ్ణి? ఒగ్గెయ్యప్పా. కడుపు నిండా తిన్నాడో లేదో గానీ, బేగి ఇంటికెల్లమని సెప్పేవా ఆడికి?"

ఇంటికెళ్ళాక చొక్కా విప్పి దండెం మీద వేసి, మొలతాడు నుంచి తాళంచెవి ముడి విప్పాడు. ఏళ్ళ తరబడి అక్కడ ఉండి ఉండి, నడుం మీద తాళంచెవి ఆకారంలో నల్లటి మచ్చ పడింది. చెవిని గోడకున్న మేకుకి తగిలించాడు. తాళం తీసి కిటికీలో పడేశాడు. "ఏటా పని?" అంటే, "ఏటీ లేదప్పా, గుచ్చుకుంటంది," అన్నాడు. మళ్ళీ వెయ్యలేదు. నేను వెయ్యబోతే రెండుసార్లు తీసేశాడు. నవ్వించినవాళ్ళూ నవ్వినవాళ్ళూ అదే రోజు మరిచిపోయి ఉంటారు. వాళ్ళ నవ్వు మాత్రం మా ఇంటికొచ్చి, వేలు దూరేంత సందు చేసుకుని, ఆ పెట్టెలోకి దూరింది. చీమలు తర్వాత వచ్చాయి.

నిన్న మధ్యాహ్నం మా మేనల్లుడికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. "అయ్యయ్యో, మొత్తం పోయిందా? తాళం వెయ్యొచ్చు కదత్తా! నాన్నకి చెప్పు," అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు, గొంతులో తెలుస్తోంది. నేను ఫోన్ పెట్టేశాను. నేను ఎన్ని మాటలు నేర్చినా దానికి సరిపోయే తిట్టు నా దగ్గర లేదు.

ఆ ఎండలోనే పెట్టెని వీధిలోకి లాగి, చీమలు పట్టిన బెల్లమంతా తీసి పారబోసి, వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టాను. మా తమ్ముడు అరుగు మీద కూర్చుని చూశాడు. అంతా అయ్యాక లేచి లోపలికి వెళ్ళి, ఈ యేడు వండిన దాంట్లోంచి ఒక దిమ్మ తెచ్చి, తాటాకు చుట్టడం మొదలుపెట్టాడు. కుండలో పెట్టాం, పెట్టెలో దింపాం. తాళం నేను వేశాను. చెవి మేకుకి తగిలించలేదు, నా కొంగున ముడేసుకున్నాను. ఎవడు నవ్వుతాడో నవ్వనీ, నేను మాత్రం మా తమ్ముడిలాగా కలిసి నవ్వేదాన్ని కాదు. కొత్త బెల్లం పూటలో అయిపోతుంది, మా తమ్ముడు కళ్ళు మూసుకుని వండేస్తాడు. దాన్ని పాత బెల్లం చెయ్యడం మాత్రం వాడి చేతుల్లోనూ లేదు, నా చేతుల్లోనూ లేదు. అది పాతబడేనాటికి మా వీధిలో ఎంతమంది పిల్లలు పుడతారో, ఈ చెవి ఎవరి ఒంటి మీద ఉంటుందో.

ఆ ఆదివారం హాల్లో ఉన్నవాళ్ళని ఇక్కడ రాసిపెడుతున్నాను, తర్వాత ఎవరూ నేను లేనని అనకుండా. వేదిక మీద కరస్పాండెంటు గారు, అధ్యక్షులు రిటైర్డ్ హెడ్మాస్టరు గారు, లైబ్రేరియన్ గారు, నిలబడి మా మేనల్లుడు. కింద ఈలలు వేసిన కాలేజీ పిల్లలు, మిక్చరు కోసం ఆగిన పెన్షనర్లు, ఫొటోలు తీసినాయన, తల వంచుకున్న మా మేనల్లుడి పెళ్ళాం. ముందు వరసలో సగం లేచి కూర్చున్న నేను. నా పక్కన, గోడ గడియారం పదకొండూ పది చూపిస్తుండగా, నా చెయ్యి వదలకుండా, అందరికంటే గట్టిగా నవ్వుతూ, మా తమ్ముడు.